యుద్ధకాలం నాటి మిలటరీ ల్యాబ్ అంటున్న పాత బిల్డింగ్‌లోకి వెళ్లొచ్చా?

తమ్ముడూ, మీరు చెప్పింది ఇదీ: ఒడిశాలో గుణుపురం దాటాక కొండ వారన పాడుబడ్డ రేకుల షెడ్లు, మధ్యలో మందపాటి గోడల గది ఒకటి, వెనక ఇటుకల పొగగొట్టం. ఊళ్లో పెద్దవాళ్లు మిలటరీ ఆస్పత్రి అంటారు. కుర్రాళ్లేమో రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ జబ్బుల మీద రహస్య పరిశోధన జరిగిందని, కింద సొరంగం కూడా ఉందని అంటారు. మీరు స్నేహితులంతా కెమెరా పట్టుకుని లోపలికి వెళ్లి వీడియో తీద్దామనుకుంటున్నారు, అప్పటి క్రిములు ఇంకా బతికుంటాయా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. పనిలో పనిగా ఒక తుప్పు డ్రమ్ములో ఆకుపచ్చ పొడి ఫొటో కూడా పెట్టారు. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో ల్యాబ్ పని చేసి రిటైరయ్యాను, తర్వాత మూతబడిన ఆస్పత్రుల స్టోర్లు, ల్యాబులు ఖాళీ చేయించే పని చాలాకాలం చేశాను, ఉండేది పర్లాకిమిడిలో. మీరు భయపడుతున్న వాటికి భయపడాల్సిన పని పెద్దగా లేదు, మీరు అసలు అడగని వాటికి మాత్రం భయపడాలి. ఇంకో మాట, మీరు తెలుసుకోవాలనుకుంటున్న దాంట్లో ముప్పాతిక వంతు బయట నిలబడే తెలుసుకోవచ్చు.

ముందు క్రిముల సంగతి. క్రిమి కూడా ప్రాణమున్నదే, దానికి తిండి, తడి, తగిన వేడి కావాలి. ల్యాబ్‌లో గాజు గొట్టాల్లో పెంచిన సూక్ష్మజీవులను పట్టించుకునే మనిషి లేక, కరెంటు లేక వదిలేస్తే మన ఎండలకు నెలల్లోనే చచ్చిపోతాయి, అలాంటిది ఎనభై ఏళ్ల మాట. కలరా, విరేచనాలు, టైఫాయిడ్, ప్లేగు క్రిములేవీ అన్ని వేసవులు తట్టుకోలేవు. మలేరియా పరాన్నజీవి అయితే దోమలోనో మనిషిలోనో తప్ప బయట బతకదు.

మినహాయింపులు ఉన్నాయి, దాచను. మొదటిది ఆంత్రాక్స్, పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బు. ఇది గట్టి పెంకు లాంటి స్పోర్ కట్టుకుని మట్టిలో దశాబ్దాలు ఉంటుంది. స్కాట్లాండ్‌లో గ్రునార్డ్ అనే దీవి మీద 1942లో బ్రిటిష్ వాళ్లు గొర్రెల మీద ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించారు, ఆ తర్వాత ఆ దీవి మీద మనిషి అడుగు పెట్టకుండా మూసేశారు. 1986లో సముద్రపు నీళ్లలో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్ కలిపి నేలంతా తడిపితే గానీ అది దారికి రాలేదు, 1990లో ఇక ఫరవాలేదని ప్రకటించారు. సోవియట్ వాళ్లు ఆరల్ సముద్రంలో వోజ్‌రోజ్డేనియా దీవి మీద ఇలాంటి పనే పెద్ద ఎత్తున చేశారు, 1992లో వదిలేసి వెళ్లిపోయారు, అక్కడ పాతిపెట్టిన ఆంత్రాక్స్‌ను శుభ్రం చేయడానికి 2002లో అమెరికా వాళ్లు రావాల్సి వచ్చింది. రెండో మినహాయింపు, గడ్డకట్టించి ఆరబెట్టి సీలు చేసిన గాజు బుడ్లు. 2014లో అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వాళ్ల కోల్డ్ రూమ్‌లో 1954 నాటి మశూచి బుడ్లు అట్టపెట్టెలో దొరికాయి, పరీక్షిస్తే రెండింట్లో వైరస్ ఇంకా పెరిగింది. అది చల్లటి గదిలో ఉన్నది కాబట్టి. మీ రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం లోపల ఎంత వేడి ఉంటుందో మీకే తెలుసు. అయినా సీలు వేసిన చిన్న గాజు బుడ్డి కనిపిస్తే ముట్టుకోవద్దు, లోపల ఏముందో చూద్దామని పగలగొట్టొద్దు, అంతే.

ఇంకో సంగతి చెప్పాలి. ఆంత్రాక్స్ కోసం మన వైపు మిలటరీ ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. కోరాపుట్ కొండల్లో చచ్చిన పశువును కోసి పంచుకున్నవాళ్లకు చేతుల మీద నల్ల చెక్కు కట్టిన పుండ్లు రావడం తరచూ జరిగేదే, మన రైతులు దొమ్మ రోగం అనేది దాన్నే. మీ బిల్డింగ్ చుట్టూ ఉన్న పొలంలో ఎప్పుడో దొమ్మతో చచ్చిన ఆవుని ఎక్కడ పాతారో ఊళ్లో అడగండి. లోపలి గదుల కంటే ఆ గొయ్యి దగ్గర తవ్వకపోవడం ముఖ్యం.

ఇక నిజంగా మిలటరీ పరిశోధన జరిగిందా అనేది. జరగలేదని నేను అనను, జరిగి ఉంటే ఎలా ఉండేదో చెబుతాను. యుద్ధం రోజుల్లో మన తూర్పు తీరం దాదాపు సరిహద్దే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఒడిశాలో యుద్ధకాలపు కట్టడాలు నిజంగానే ఉన్నాయి, ఉత్తరాన మయూర్‌భంజ్‌లో రాస్‌గోవింద్‌పూర్ దగ్గర అమర్దా రోడ్ రన్‌వే ఇప్పటికీ ఉంది. కాబట్టి ఆస్పత్రి శిబిరం అనే మాట నమ్మదగిందే. కానీ సైన్యానికి ఆ రోజుల్లో తలనొప్పి రహస్య ఆయుధాలు కాదు, మలేరియా. బర్మా సరిహద్దులో 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కో సైనికుడికి 120 మంది జబ్బుతో వెనక్కి వచ్చారు. అందుకే అప్పటి సైనిక వైద్య పరిశోధన అంటే దోమలు, విరేచనాలు, గడ్డిలోని చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం, మెపాక్రిన్ అనే మలేరియా బిళ్ల ఎంత మోతాదు వేయాలి, అది వేసుకుంటే ఒళ్లు పసుపు రంగు తిరగడం, ఇలాంటివి. చీకటి పనులు అసలు జరగలేదని కాదు, రావల్పిండిలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1930ల నుంచి పదేళ్లకు పైగా మన సిపాయిల మీద ఒళ్లు పొక్కించే మస్టర్డ్ గ్యాస్ పరీక్షించారు, ఆ కాగితాలు తర్వాత బయటపడ్డాయి. అలాంటి పని పెద్ద కంటోన్మెంట్ పక్కన జరుగుతుంది, జట్కా బండి దారి కూడా సరిగ్గా లేని కొండ వారన కాదు.

పైగా మిలటరీ వైద్య పరిశోధన అనగానే మనవాళ్లు సినిమా సెట్టింగు ఊహించుకుంటారు. రోనాల్డ్ రాస్ మిలటరీ డాక్టరే, 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర. కావలసింది ఒక చిన్న బంగ్లా, ఒక మైక్రోస్కోపు, ఒక రోగి. హుస్సేన్ ఖాన్ అనే ఆ రోగికి కుట్టిన దోమకు ఒక అణా లెక్కన ఇచ్చాడు. నోబెల్ తెచ్చిపెట్టిన పనికి సరిపోయిన ఏర్పాటు అది.

మీ వైపు ఇంకో అవకాశం ఉంది, నాకు దీని మీదే అనుమానం ఎక్కువ. పార్వతీపురం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే రైలు మార్గం 1931లో పూర్తయింది, ఆ కొండల్లో కూలీలు, గ్యాంగుమెన్ మలేరియాతో కుప్పకూలిపోయేవారు. అందుకని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన సొంత మలేరియా నిపుణుడిని పెట్టుకుంది, రోనాల్డ్ సీనియర్ వైట్ అనే ఆయన 1930లలో జయపురం కొండల్లో ఏ దోమ ఏ వాగులో పుడుతుంది, ఏది జబ్బు మోస్తుంది అనేది తేల్చాడు. నిఖార్సైన పరిశోధన, మన కొండల్లోనే జరిగింది, దాని మీద మాత్రం ఎవరూ వీడియో తీయరు. తర్వాత 1953లో జాతీయ మలేరియా కార్యక్రమం, 1958 నుంచి నిర్మూలన కార్యక్రమం, అదే ఏడాది తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం దండకారణ్య ప్రాజెక్టు శిబిరాలు, అంతకు ముందే మాచ్‌ఖండ్ విద్యుత్ ప్రాజెక్టు కాలనీలు. వీటన్నిటికీ రేకుల షెడ్లు, మందుల గోదాములు, చిన్న ల్యాబులు ఉండేవి. ఖాకీ నిక్కరు వేసుకుని భుజాన స్ప్రే పంపు తగిలించుకుని వచ్చినవాడిని పల్లెలో మిలటరీ అనుకోవడం వింతేమీ కాదు.

ఇప్పుడు మీ డ్రమ్ము. ఫొటో చూసి ఇదే అని తేల్చి చెప్పడం కుదరదు, అది ల్యాబ్ తేల్చాల్సిన పని. అయితే మైలుతుత్తం అయితే నీలం రంగు పలుకులుగా ఉంటుంది, మీ ఫొటోలో ఉన్నది పచ్చటి మెత్తటి పొడి, డ్రమ్ము అంచున తడి తగిలిన చోట గడ్డకట్టి, కింద నేల మీద చారలా కారింది. డీడీటీ రాకముందు దోమ పిల్లల్ని చంపడానికి పారిస్ గ్రీన్ అనే మందు వాడేవారు, రోడ్డు మీది దుమ్మును జల్లించి అందులో నూటికి ఒక వంతు కలిపి గుంటల నీళ్ల మీద చల్లేవారు. అది రాగీ ఆర్సెనిక్కూ కలిసిన మందు, అంటే పాషాణమే. ఏళ్లు గడిచినా పాషాణం విరిగిపోదు, కుళ్లిపోదు, అప్పుడెంత విషమో ఇప్పుడూ అంతే. అది పారిస్ గ్రీనే అనుకుని నడుచుకోండి. కాలితో కదపొద్దు, గుప్పెట్లో తీసి కెమెరాకు చూపించొద్దు, ఆ గదిలో ఊడ్చొద్దు. మేకలు అటు వెళ్తున్నాయా, వాన నీళ్లు ఆ చార మీదుగా ఏ బావి వైపు పోతున్నాయి, ఇవి చూసి తహసీల్దారు ఆఫీసుకి రాతపూర్వకంగా ఇవ్వండి, దాని నకలు ఒకటి ఆరోగ్య కేంద్రానికి కూడా. అసలు భయం ఎక్కడంటే, అంత మెరిసే పచ్చ పొడి హోలీ ముందు ఎవరో పిల్లాడి కంట పడితే.

ఇలాంటివే మిగతావి. గమాక్సిన్, డీడీటీ లాంటి పురుగుల మందు బస్తాలు గోడ వారన చివికిపోయి ఉంటాయి, ఆ వాసన మీ తాతగారు గుర్తుపడతారు. గాజు మూత సీసాలో పసుపు రంగు పలుకులు, మూత చుట్టూ కూడా పసుపు చెక్కు కట్టి ఉంటే అది పిక్రిక్ యాసిడ్ కావచ్చు. ఒంట్లోంచి తీసిన కణజాలం ముక్కల్ని నిల్వ చేయడానికి ల్యాబుల్లో వాడతారు, తడిగా ఉన్నంతకాలం ఫరవాలేదు, ఎండిపోతే అది పేలుడు పదార్థమే, మూత తిప్పిన రాపిడి చాలు. అలాంటి సీసా కనిపిస్తే బీరువా తలుపు కూడా వేయకండి, ఉన్నది ఉన్నట్టు వదిలి బయటికొచ్చి పోలీసులకు చెప్పండి, బాంబు స్క్వాడ్ వాళ్లు చూసుకుంటారు. పాత ఈథర్ సీసాలదీ ఇదే కథ. పగిలిన బీపీ మిషన్ల నుంచి కారిన పాదరసం నేల పగుళ్లలో పూసల్లా ఉంటుంది, మూసిన గదిలో దాని ఆవిరి పీల్చకూడదు.

రేడియేషన్ గురించి మీరు అడగలేదు. యుద్ధకాలపు షెడ్డులో అది ఉండే అవకాశం తక్కువే, కానీ తర్వాత ఎవరెవరు ఆ చోటు వాడారో మనకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. 1987లో బ్రెజిల్‌లో గోయానియా ఊళ్లో మూతబడిన క్యాన్సర్ ఆస్పత్రిలోంచి ఇద్దరు తుక్కు కోసం ఒక యంత్రం తల భాగం ఎత్తుకెళ్లారు. లోపలి సీజియం పొడి చీకట్లో నీలంగా మెరుస్తోందని ఇంటింటికీ పంచుకున్నారు, నలుగురు చనిపోయారు, 249 మందికి ఆ పొడి అంటింది. అక్కడెక్కడో కదా అనుకోకండి, 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో ఇదే జరిగింది. ఒక యూనివర్సిటీలో 1985 నుంచి వాడకుండా పడి ఉన్న యంత్రాన్ని వేలం వేశారు, అందులో కోబాల్ట్ 60 ఉంది, విడగొట్టిన చోట ఒకతను చనిపోయాడు, ఇంకా కొందరు ఆస్పత్రి పాలయ్యారు. కాబట్టి చిన్నదిగా ఉండి ఎత్తలేనంత బరువున్న సీసపు డబ్బా, మూడు రెక్కల గుర్తు ఉన్న ఏ పెట్టె కనిపించినా దూరం జరగండి. ఇందుకే వీడియోలో ఆ చోటు లొకేషన్ కూడా పెట్టొద్దు. మీ వెనకాలే తుక్కు బండి వస్తుంది.

సొరంగం. నేను చూసినంతలో పాత ఆస్పత్రుల కింద ఉండేది నీళ్ల తొట్టె, లేకపోతే సెప్టిక్ ట్యాంకు, మహా అయితే బాంబు దాడికి తలదాచుకునే కందకం. సొరంగం అని మీరు దిగేది వీటిలో ఒకదాంట్లోకి. మూసిన ట్యాంకులో ప్రాణవాయువు ఉండకపోవచ్చు, కుళ్లిన దాంట్లోంచి వచ్చే గ్యాస్ ఉండొచ్చు, రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు, వాడిని పైకి తీద్దామని దిగిన రెండోవాడు కూడా పోతాడు. ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం కదా, బావి పూడిక తీతలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు. లాంతరు దింపి చూస్తే తెలిసిపోతుందని పాతవాళ్లు చెబుతారు, గాలి ఉందో లేదో వరకు అది చెబుతుందేమో, విషవాయువు సంగతి చెప్పదు, మండే గ్యాస్ ఉంటే అదే ప్రమాదం. మెట్లు కిందికి కనిపిస్తే ఫొటో తీసుకుని పైనే ఆగండి. మొత్తం సమాధానంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

పైకప్పు రేకులు సిమెంటు రేకులైతే అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది, విరగొట్టొద్దు, వాటి మీదికి ఎక్కొద్దు. చెక్క దూలాలు బయటికి బాగానే కనిపిస్తాయి, లోపలంతా చెద తినేసి ఉంటుంది. నడిచేటప్పుడు గది మధ్యలోంచి కాకుండా గోడ వారనే నడవండి. మందుగుండులా కనిపించే ఇనుప ముక్క ఏదైనా తాకొద్దు, తీగలు అసలే తాకొద్దు, మన అడవి దారుల్లో మందుపాతరల రోజులు ఎలాంటివో మీకు వేరే చెప్పాలా. ముందు రోజే స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్లండి.

ఇక ప్రాణమున్న వాటిలో నిజంగా హాని చేసేవి ల్యాబ్‌వి కావు. పాడుబడ్డ క్వార్టర్లలో ఎలుగుబంట్లు పగలు పడుకుంటాయి, శ్రీకాకుళం ఉద్దానం వైపు ఎంతమందిని చీరాయో అందరికీ తెలుసు. గజపతి జిల్లా లఖారి లోయ నుంచి దిగిన ఏనుగుల గుంపు 2007 నుంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పొగగొట్టం చూరుకి కొండ తేనెటీగల తుట్టె ఉంటే డ్రోన్ ఎగరేయకండి, ఆ మోతకు రేగుతాయి. రాత్రి షూటింగ్ మాట మర్చిపోండి, కట్లపాము కాటు నొప్పి కూడా తెలియదు. గబ్బిలాలుంటే ఆ గదిలోకి పోవద్దు, తప్పదంటే ఎన్95 మాస్కు పెట్టుకుని, ఎండిన రెట్ట లేవకుండా నెమ్మదిగా వెళ్లి రండి.

స్క్రబ్ టైఫస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డాక్టర్లు కూడా ఒక్కోసారి మలేరియా, టైఫాయిడ్ అనుకుని రోజులు పోగొడతారు. బర్మా యుద్ధంలో సైన్యాన్ని గడగడలాడించిన జబ్బు ఇది, టైఫస్ జబ్బుల కోసం 1942 డిసెంబరులో అమెరికా ఒక టైఫస్ కమిషన్ వేసింది, వాళ్లు 1944లో బర్మాలో దీని మీద పని చేశారు. మీరు వెతుకుతున్న మిలటరీ వైద్య పరిశోధన అంటే నిజంగా ఇదే, అది వెతికిన పురుగు ఇప్పటికీ మీ బిల్డింగ్ చుట్టూ ఉన్న పిచ్చిగడ్డిలోనే ఉంటుంది. మనుషులు వదిలేసిన చోట పొదలు, ఎలుకలు పెరిగితే వాటితోపాటే ఇదీ పెరుగుతుంది. కంటికి కనబడీ కనబడనంత చిన్నది, గడ్డి కొన మీద ఎక్కి కూర్చుని మన కాలికి ఎక్కుతుంది, పాకుతూ బెల్టు కింద, గజ్జల్లో, చంకలో చేరి కుడుతుంది. నొప్పి, దురద ఏమీ ఉండవు. వారం నుంచి మూడు వారాల లోపు జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి వలయం ఉంటుంది, కానీ అది బట్టల చాటున ఉండేసరికి ఎవరూ చూడరు. వెళ్లొచ్చాక జ్వరం వస్తే ఇంట్లోవాళ్లతో ఒళ్లంతా వెతికించుకోండి, డాక్టరుతో పిచ్చిగడ్డిలో తిరిగానని మీరే ముందుగా చెప్పండి. డాక్సీసైక్లిన్ మామూలు మాత్ర, ముందుగా వేస్తే తగ్గిపోతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా వెళ్తుంది. మలేరియా పరీక్ష కూడా చేయించుకోండి, మన జిల్లాల్లో అది మానొద్దు.

బట్టల సంగతి: పొడుగు ప్యాంటు, దాని అంచులు సాక్సు లోపలికి దోపాలి, అడుగు గట్టిగా ఉన్న బూట్లు, తోలు గ్లవ్స్, తలకు కట్టుకునే లైటు, టెటనస్ ఇంజెక్షను. గడ్డి మీద కూర్చోవద్దు, లోపల ఏమీ తినొద్దు, ఇంటికి రాగానే బట్టలు వేన్నీళ్లలో వేసి స్నానం చేయండి.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోకండి. పాడుబడింది కదా అని అది ఎవరిదీ కాకుండా పోదు. భారతీయ న్యాయ సంహిత 329 సెక్షన్ కింద అక్రమ ప్రవేశానికి మూడు నెలలు, కట్టడంలోకి దూరితే ఏడాది దాకా జైలు ఉంది. నిజంగా డిఫెన్స్ స్థలమే అయితే 1923 నాటి అధికార రహస్యాల చట్టం దాకా పోతుంది, అప్పుడు వీడియో అప్‌లోడ్ చేయడమే మీ మీద సాక్ష్యం. అందుకని మొదటి అడుగు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్ఐ) ఆఫీసు. ఒడిశా భూలేఖ్ సైట్‌లో ఆ ప్లాటు ఖతియాన్, అంటే హక్కుల రికార్డు తీయండి, యజమాని ఎవరు, కిసమ్ (భూమి రకం) ఏమిటి, రక్షిత్ (ప్రభుత్వం కేటాయించి ఉంచిన భూమి) అని రాశారా, ఏ శాఖ పేరుంది అన్నీ అందులో ఉంటాయి. ఒరియా చదవడం రాకపోతే భూమి కొలిచే అమీన్‌ని అడగండి, టీ ఖర్చుతో పోయే పని. దాన్ని పట్టుకుని తహసీల్దారుకి అనుమతి కోసం అర్జీ పెట్టండి, చరిత్ర డాక్యుమెంట్ చేస్తున్నామని రాస్తే సాధారణంగా విసుక్కోరు, మనిషినీ తోడిస్తారు.

పాత కాగితాలు కావాలంటే ఒక కిటుకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, గంజాం, విశాఖపట్నం జిల్లాల కిందికి వచ్చేది. కాబట్టి కట్టడం అంతకంటే పాతదైతే కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో వెతకాలి, తర్వాతదైతే భువనేశ్వర్‌లో, సైన్యానివైతే ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో. చాలామంది భువనేశ్వర్ వెళ్లి ఏమీ లేదని తిరిగొచ్చేస్తారు.

బయట నుంచి బిల్డింగ్‌ని చదవడం ఎలాగో చెబుతాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. మైక్రోస్కోపు గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంటుంది, నేరుగా ఎండ పడకుండా సమంగా వెలుతురు కోసం, ఆ కిటికీ కింద గోడలోకి దించిన రాతి బల్ల గుర్తులు ఉంటాయి. ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, మధ్యలో మనిషి పట్టేంత చోటు, కిటికీలకు దోమల జాలీ బిగించిన మేకుల వరస ఉంటే అది దోమల్ని పెంచిన గదో, లేక దోమ దూరకుండా కట్టిన వార్డో. మేకులు లోపలి వైపు ఉన్నాయా, బయటి వైపు ఉన్నాయా చూడండి. నేల ఒక వైపుకి వాలి, గోడ కింద వరసగా చిన్న తూములు ఉంటే జంతువుల గది, కుందేళ్లు, గినీ పందులు ఉంచేవాళ్లు. మందపాటి గోడల గది అన్నారు, గోడ పగిలిన చోట మధ్యలో బెండు పలకలు కనిపిస్తే అది చల్లటి గది, అదే రాయి మాత్రమే ఉండి పైన చిన్న గాలి రంధ్రాలుంటే మందుగుండు కొట్టు. పొగగొట్టం కింద చిన్న ఇనుప తలుపు, లోపల కాలిన ఇటుక నల్లగా గాజులా మెరుస్తుంటే కొలిమి, అందులో కళేబరాలు, కట్లు కాల్చేవారు. వెడల్పుగా ఉంటే అది వంటశాలే, సంతోషించండి. జంతువుల గది, కొలిమి, చల్లటి గది మూడూ ఉంటేనే పరిశోధన అనే మాట ఎత్తండి, ఒట్టి వార్డులూ ఒక స్టోరూ ఉంటే ఆస్పత్రి, అంతకుమించి ఏమీ కాదు. సరిహద్దు రాళ్ల మీద బాణం గుర్తు చూసి మిలటరీ అనుకోకండి, సర్వే వాళ్ల రాళ్ల మీదా అదే ఉంటుంది. గోడ మూల మీద టీ అక్షరం, పక్కన నంబరు పాత పెయింటుతో రాసి ఉంటే మాత్రం అది మిలటరీ ఇంజనీరింగ్ వాళ్లు తాత్కాలిక కట్టడాలకు వేసే నంబరు కావచ్చు, దాన్ని దగ్గరగా ఫొటో తీసి నాకు పంపండి.

ఊళ్లో ముసలివాళ్లను అడిగేటప్పుడు అక్కడేం పరిశోధన చేసేవారు అని అడగొద్దు, మీరు వినాలనుకున్నదే చెబుతారు. అక్కడ ఊడ్చింది ఎవరు, బట్టలు ఉతికింది ఎవరు, కుందేళ్లకి గడ్డి కోసుకెళ్లింది ఏ ఇంటివాళ్లు అని అడగండి. సవర పల్లెల్లో కూడా అడగండి, మోతపని చేసింది వాళ్లే అయి ఉంటారు. ముఖ్యంగా జీతం ఎవరిచ్చేవారో అడగండి. మా నాన్నకి రైల్వే పాసు ఉండేది అని ఎవరైనా అంటే మీ మిలటరీ కథ అక్కడితో ఆపేసి, ఆ రైల్వే మలేరియా కథ మొదలుపెట్టండి, దానికి నేను కూడా సాయం చేస్తాను.